వెలితి విస్తరి

సోమవారం

నాలుక కడిగించుకున్నవాళ్ళు రోజూ రాసుకోవాలట. ఏ రుచి వచ్చింది, ఎంతసేపు నిలిచింది, అంతవరకు రాస్తే చాలని క్లినిక్‌లో డాక్టర్ ఫణిశ్రీగారు చెప్పారు. ఇవాళ్టికి రుచంటూ ఏదీ లేదు కాబట్టి మిగతావన్నీ రాస్తాను. ఈ తిలోత్తమ నోరు మూయించడం ఎవరివల్లా కాలేదు, పూత తీస్తే మాత్రం మూతపడుతుందా.

పొద్దున నేనూ మా చెల్లెలు మందాకినీ పక్కపక్క కుర్చీల్లో నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాం. చల్లటి మందు పోసి, మెత్తటి కుంచెతో తోమి, నా ఐదో ఏట నుంచి నాలుక మీదున్న పూతను ఉల్లిపొర ఒలిచినట్టు ఒలిచేశారు. నొప్పేమీ లేదు. ఇంటికొచ్చి గొట్టం కింద గిన్నె పెట్టి, అందరిళ్ళలోనూ వచ్చే ముద్ద పట్టుకుని, గోడకున్న రుచిపెట్టెలో ఎప్పట్లాగే పప్పుచారు నొక్కాను. పెట్టె చెప్పేది వినడానికి నాలుక మీద పూత లేదు కదా. తడిసిన అట్టముక్క నమిలినట్టుంది. ఇన్నేళ్ళూ గోంగూరనీ, గుత్తివంకాయనీ లొట్టలేసుకుంటూ తిన్నది దీన్నే అని తలచుకుంటే ఒళ్ళు మండింది.

ఇదంతా కొల్లేరు కోసం. ఉప్పునీళ్ళు వెనక్కి మళ్ళాక సరస్సు మళ్ళీ మంచినీళ్ళతో నిండిందనీ, లంకల్లో జనం చేపలు పట్టి, వరి పండించి, కట్టెపొయ్యి మీద వండుతున్నారనీ విన్నప్పటి నుంచి నాకు అదే యావ. ఏ లంకలో ఉండాలో నెలల తరబడి వాకబు చేశాను. ఒకచోట వంట బాగుంటుందట గానీ పొద్దస్తమానం పడవల రొద. ఇంకోచోట నిశ్శబ్దమే గానీ వంటకి మనిషిని బయట నుంచి తెస్తారట. చివరికి చిగురులంక దొరికింది. కిక్కిసగడ్డి గుడిసె, నులకమంచం, చుట్టూ నీళ్ళు. ఎప్పుడూ చెవిలో కబుర్లు చెప్పే చెవిపూసలు గట్టు మీదే ఇచ్చేసి వెళ్ళాలి కాబట్టి కబురూ కాకరకాయా ఏమీ ఉండదు. ఆ ఇంటావిడ బలుసమ్మ తన ఇంట్లో వాళ్ళకి ఏం వండుకుంటుందో అదే మనకీ పెడుతుంది.

పెట్టింది రెండే షరతులు. జంటగా రావాలి, పూత లేని నాలుకతో రావాలి. ఆఫీసులో నాతోపాటు వస్తానన్న కుముదిని కడుగుడు అనేసరికి జారుకుంది. మా వయసువాళ్ళకి కడుగుడు ఒక్కసారే, రెండోసారికి నాలుక తట్టుకోదు. రుచి లేస్తే లేచింది, లేకపోతే మళ్ళీ పూత వేయించుకుని నోరు మూసుకోవడమే. అందుకని ఆవిడ భయం ఆవిడది. ఇక మిగిలింది మందాకిని. మా మేడలోనే నాకు కింది అంతస్తులో ఉంటుంది. మా మరిదికి సముద్రం మీద గాలిమరల పని, ఏడాదిలో సగం ఇంట ఉండడు. అడిగితే, ముద్ద బాగానే ఉంటుంది కదక్కా, నాలుక దాకా ఎందుకూ అంది. మళ్ళీ నా మొహం చూసి, సరే పద అంది.

గురువారం

రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

పొద్దున్నే మందాకిని తలుపు కూడా తట్టకుండా లోపలికొచ్చింది. చేతిలో గ్లాసుడు నీళ్ళు. నీళ్ళకి రుచి ఉంది, నీకూ తెలుస్తోందా అని అడిగింది. దాని వంటింటి నీళ్ళు ఒక రకమట, స్నానాలగది నీళ్ళు ఇంకో రకమట. నేను రెండూ తాగాను. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. క్లినిక్‌వాళ్ళిచ్చిన పొట్లం విప్పి ఉప్పురవ్వ, బెల్లం పలుకు, చింతపండు పీచు, వేపాకు, ఎండుమిరప తునక వరసగా నోట్లో వేసుకున్నాను. ఏ ఒక్కటీ పలకలేదు. అది మాత్రం చింతపండు పెదవికి తగిలీ తగలకముందే కళ్ళు మూసుకుని భుజాలు పైకెత్తింది.

కడిగిన మూడోనాటికే. కోరుకున్నది నేను, వెతికింది నేను, దాన్ని బతిమాలి తీసుకొచ్చింది నేను. అక్కరలేనివాళ్ళకి ఇంటికొచ్చి ఇస్తాడు దేవుడు.

అయినా ఇది కొత్త సంగతి కాదు. మా చిన్నప్పుడు ఐదేళ్ళు నిండిన ప్రతి పిల్లకీ బళ్ళోనే పూత వేసేవారు. నాకూ వేశారు. మందాకినికి నోట్లో పుళ్ళని డాక్టరు చీటీ రాసిచ్చాడు, పన్నెండేళ్ళు వచ్చేదాకా దానికి పూత లేదు. చీటీ ఉన్నవాళ్ళకి బియ్యమూ, పప్పూ, నాలుగు కూరగాయలూ వచ్చేవి. అమ్మ ఒక చిన్న ఇత్తడి గిన్నెలో దానికి విడిగా వండేది. నేను ఎదురుగా కూర్చుని ముద్ద మింగేదాన్ని. పూత నాలుకకే కదా, ముక్కుకి లేదు. ఇంగువ వాసన నాకు, చారు దానికి. ఒకసారి వేలు ముంచి నాకితే నా నోట్లో అది కూడా పెట్టెలో ఆ పూట నొక్కిన చిక్కుడుకాయలాగే ఉంది. అమ్మ నా వీపు నిమిరి, నీకంటే చిన్నది కదమ్మా అంది. ఇప్పటికీ అది నాకంటే చిన్నదే.

నాలుక ఒకసారి నేర్చుకున్నది మర్చిపోదట. ఫణిశ్రీగారు ఫోన్‌లో చెప్పారు. మీ చెల్లెలుగారికి పునాది ఉందండీ, మీకు కొంచెం ఆలస్యం కావచ్చన్నారు. పునాదట, పునాది.

ఆదివారం

ప్రయాణానికి కావలసినవి సర్దుతున్నాను. దోమతెర, ఊలు శాలువ, రెండు నూలు చీరలు. లంకలో మంచు పడుతుందట. మందాకిని ఏమీ సర్దలేదు, అక్క చూసుకుంటుందిలే అని మేడంతా తిరుగుతోంది. లిఫ్టులో ఎవరు కనబడినా దీని నాలుక ముచ్చటే. పిల్లలు దీనిచేత గోడ సున్నం, రబ్బరు, తలుపు గడియ నాకించి రుచి చెప్పమంటున్నారు. ఇది నవ్వుతూ నాకుతోంది, నవ్వుతూ చెబుతోంది. పైఅంతస్తు పెద్దాయన కుండీలో పెంచుకున్న ఒకే ఒక్క కొత్తిమీర మొక్క నుంచి కాడ తుంచి ఇచ్చాడు. ఆ మనిషి నాకు పలకరింపుగా తల కూడా ఊపడు.

మధ్యాహ్నం బలుసమ్మ గట్టు మీదికొచ్చిన వేళ చూసి ఆవిడతో మాట్లాడాను. ఫోన్ చేసింది నేను. ఏ చేప కావాలో చెప్పమంటే నేను తడుముకున్నాను, నాకు పెట్టెలో చేప అని ఒకటే మీట తెలుసు. మందాకిని పక్క నుంచి అందుకుంది. కొరమీను పులుసా, చేదుపరిగెల వేపుడా, గోంగూరలో ఎండురొయ్యలా అంటూ ఇద్దరూ చిన్ననాటి స్నేహితుల్లా కబుర్లలో పడ్డారు. పులుసు పొద్దున వండి సాయంత్రం తింటే బాగుంటుందని మా అమ్మ అనేదని ఇది చెబితే, మీ అమ్మ తెలిసిన మనిషి అని ఆవిడ మెచ్చుకుంది. నేను ఫోన్ పట్టుకునే స్టాండులా నిలబడ్డాను.

చివర్లో ఆవిడ అసలు సంగతి చెప్పింది. అక్కడ మొదటి పూట పెట్టేది వెలితి విస్తరి.

"ఒకటి తక్కువేసి వడ్డిత్తామమ్మా. ఏది తక్కువైందో మీరే అడిగి ఏయించుకోవాల. అడిగినోళ్ళు మా ఇంటి మనుషులు. బాగుంది బాగుందన్నోళ్ళని మాత్రం ఆ మద్దేనం పడవకే ఎక్కించేత్తాం."

ఎందుకమ్మా ఇంత పరీక్ష అంటే కారణం చెప్పింది. ఎవరో పూతతోనే దొంగతనంగా వచ్చి, పాడైన చేపకూరని ఆహా ఓహో అని తిని, ఆస్పత్రి పాలయ్యారట. దాంతో అధికారులు ఒక సీజనంతా లంకల్లో పొయ్యి వెలగనివ్వలేదట. అప్పటి నుంచి ఇది ఆచారమైంది. ఉప్పు మాత్రం ఎప్పుడూ తగ్గించరట, పూతవాళ్ళంతా గుడ్డిగా ఉప్పనే అంటారు గనక.

ఫోన్ పెట్టేశాక మందాకిని నా చెయ్యి పట్టుకుని, నీకు రాకపోతే నేను సైగ చేస్తాలే అక్కా, దిగులు పడకు అంది. దాని సైగ మీద నేను అన్నం తినాలి. నాకు ఆ పూట ముద్ద కూడా సయించలేదు.

మంగళవారం

ఇది క్లినిక్‌కి చూపించేది కాదు.

కడిగిన నాలుకకి చలవ చేయడానికి రోజూ ఒక గ్లాసు అసలు మజ్జిగ ఇస్తారు. ఇద్దరి వాటా నేనే తెస్తాను, అది సాయంత్రం వచ్చి తాగుతుంది. ఇవాళ తాగడానికి ముందు బల్ల మీద కూర్చుని కాళ్ళూపుకుంటూ నిన్నటి మజ్జిగకీ మొన్నటి మజ్జిగకీ తేడా చెప్పింది. మొన్నటిది కొంచెం కమ్మనట, నిన్నటిది కాస్త పులిసిందట, ఆ పులిసిందే దానికి ఇష్టమట. చెబుతూ పెదవులు చప్పరించింది. నాకా చప్పరింపు చూస్తే అరికాళ్ళ మంట నెత్తికెక్కింది.

నేను వంటింట్లోకి వెళ్ళాను. సీసా దానంతటదే నా చేతిలోకి వచ్చినట్టు రాసుకోవచ్చు. రాలేదు. నేనే అలమర తెరిచి పూతచుక్కల సీసా తీశాను. పూత వాడిపోకుండా ప్రతి ఇంట్లోనూ నెలకోసారి నాలుక మీద వేసుకునేవే. నాకు వాటి సంగతి బాగా తెలుసు. నీళ్ళకంటే చప్పన, వేసుకున్నట్టు కూడా ఉండదు. ఒక్క చుక్క దాని గ్లాసులో పడింది. రెండు రోజులు మసకబారుతుంది, ఆలోగా నాది లేస్తుంది, ఇద్దరం సరిసమానంగా వెళతాం అనుకున్నాను. అనుకున్నానో, అనుకున్నట్టు నాకు నేను చెప్పుకున్నానో మరి.

గ్లాసు ఇచ్చేటప్పుడు కిటికీ వైపు చూస్తున్నాను. ఒక గుక్క తాగి ఆగింది. తర్వాత గటగటా తాగేసి, మూతి తుడుచుకుని, ఇవాళ మజ్జిగ బాగుందక్కా అంది. ఎప్పటికంటే ముందే ఇంటికి వెళ్ళిపోయింది.

శుక్రవారం

వచ్చింది.

పళ్ళు తోముకుంటూ అలవాటు కొద్దీ వేపాకు నమిలాను. నాలుక వెనకాల ఏదో పట్టుకుని గట్టిగా గుంజినట్టయింది. అది చేదు. నా జాతకానికి తగ్గట్టు మొట్టమొదట వచ్చింది చేదు. ఉమ్మేయబుద్ధి కాలేదు, ఇంకో ఆకు నమిలాను, కళ్ళంట నీళ్ళు కారుతుంటే నవ్వుకున్నాను. మధ్యాహ్నానికి బెల్లం పలికింది, సాయంత్రానికి ఉప్పు, మిరప తునక. చింతపండు ఒక్కటే ఉలకదు పలకదు. అదీ వస్తుంది.

చెప్పులు కూడా వేసుకోకుండా మెట్ల మీద నుంచి కిందికి పరిగెత్తాను. మందాకిని నన్ను కావలించుకుని గుండ్రంగా తిప్పింది. నాకంటే అదే ఎక్కువ సంబరపడింది. ఇద్దరం పొట్లం విప్పుకుని కూర్చున్నాం. నేను బెల్లం పలుకు అందిస్తే, తియ్యగా ఉందంది. బాగానే అంది. కానీ పలుకు ఇంకా దాని వేళ్ళ మధ్యే ఉంది.

చింతపండు పెట్టుకున్నప్పుడు భుజాలు పైకెత్తింది. మొన్నటిలా కాదు. ముందు నావైపు చూసి, తర్వాత ఎత్తింది.

రెండు రోజుల మసక ఇంకా పోలేదన్నమాట. నాకు లోపల చల్లగా ఉంది. ఎంత దుర్మార్గమైనా ఉన్నదున్నట్టు రాస్తున్నాను, చల్లగానే ఉంది.

సోమవారం

చల్లదనం నిలవలేదు. అది మేడలో తిరగడం మానేసింది. పిల్లలొచ్చి తలుపు గడియ నాకమంటే గొంతు బాగాలేదని పంపేసింది. నేను పైనుంచి అంతా గమనిస్తూనే ఉన్నాను.

ఫణిశ్రీగారికి ఫోన్ చేశాను. పక్కింటావిడ పొరపాటున వేసుకుందని ఒక కథ అల్లి, కడిగిన నాలుక మీద చుక్క పడితే ఎన్నాళ్ళకి పోతుందని అడిగాను. ఆవిడ ఉలిక్కిపడ్డారు. పూత ఉన్న నాలుక మీద ఆ చుక్క అరిగిన చోట మాత్రమే అతుకుతుందట. ఖాళీ నాలుక మీద పడితే ఈ చివర నుంచి ఆ చివర దాకా పరుచుకుని కొత్త పూతైపోతుందట. మీ పక్కింటావిడకి వయసెంత అని అడిగారు. మందాకిని వయసు చెప్పాను. అయితే ఇంకేం లేదండీ, ఆవిడ ముద్ద తినుకోవడమే అన్నారు.

జన్మంతా పూతలో ఉన్నదాన్ని, నాకు చుక్కంటే తెలిసింది నా నాలుక మీది చుక్కే. అదే కొలత దానికీ వేశాను.

చెప్పేయాలి. కిందికి వెళ్ళి, ఇదీ నేను చేసింది అని చెప్పేయాలి. లేదా ప్రయాణం మానేయాలి. ఈ రెండూ అనుకుంటూనే దోమతెర మడత పెట్టి సంచిలో పెట్టాను. మనసులో ఒక మూల నుంచి ఒకటే మాట. పోనీలే, ఏడేళ్ళు తింది గిన్నెలో, ఈ ఒక్కసారి నా వంతు.

సాయంత్రం అదే వచ్చింది. రేపు ఏ చీర కట్టుకోమంటావక్కా అని అడిగి, నేను తీసిన నీలంచీర పట్టుకుని వెళ్ళిపోయింది.

మంగళవారం, చిగురులంక

గట్టు మీద చెవిపూసలు ఇచ్చేసి పడవెక్కాం. చెవులకి ఒక్కసారిగా ఏదో ఊడిపోయినట్టయింది. తెడ్డు నీళ్ళలో మునిగే చప్పుడు, ఎక్కడో గూడబాతుల రెక్కల చప్పుడు, అంతే. తామరాకుల మధ్య నుంచి పడవ పోతుంటే మందాకిని చెయ్యి నీళ్ళలో పెట్టుకుని కూర్చుంది. తడి వేళ్ళు నోటి దాకా తెచ్చి, మళ్ళీ ఒళ్ళో పెట్టేసుకుంది. నేను చూడనట్టు ఒడ్డు వైపు తిరిగాను.

బలుసమ్మ పొట్టి మనిషి, గట్టి మనిషి. కాళ్ళకి నీళ్ళిచ్చి, మట్టి అరుగు మీద ఎదురుబొదురుగా రెండు విస్తళ్ళు వేసింది. నేను కలలు కన్నవన్నీ ఆ విస్తట్లో ఉన్నాయి. పొగలు కక్కే అన్నం, కరకరలాడే చేదుపరిగెలు, గోంగూర రొయ్యలు, మట్టిదాకలో ఎర్రగా నూనె తేలుతున్న కొరమీను పులుసు. ఆవిడ మా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. పులుసొక్కటే ముందు కలుపుకోండి, వెలితి అందులోనే ఉందంది.

కలుపుకున్నాను. నోట్లో పెట్టుకున్నాను. కారం వచ్చి చెవుల్లో కొట్టింది. ఉప్పు సరిగ్గా ఉంది. ఉల్లిపాయ తియ్యదనం, మెంతుల చిరుచేదు, చేప కమ్మదనం ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. పులుపు లేదు. లేదని తెలియగానే నా చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. పులుసులో పులుపు లేదా, నా నాలుకకి పులుపు లేదా? చింతపండు నాకు ఇవాళ్టికీ పలకలేదు. ఆవిడ తగ్గించింది ఇంకేదైనా అయితే? ధనియాలో, వెల్లుల్లో, నేను పేరు కూడా ఎరగని మరేదో. ఈ ప్రపంచంలో ఆ సంగతి నాకు చెప్పగలిగిన నాలుక ఒక్కటే ఉండేది. అది నా ఎదురుగా కూర్చుని మెల్లగా నములుతోంది.

చిన్నవాళ్ళని ముందు అడగడం అక్కడి పద్ధతి. బలుసమ్మ దానివైపు తిరిగింది. ఏదో ఒకటి గుడ్డిగా అంటుందనుకున్నాను. ఉప్పంటుందేమో, ఉప్పు కాదని దానికీ తెలుసు. మందాకిని చెయ్యి విస్తరి అంచుకి తుడుచుకుంది.

"నాకేం తెలియట్లేదమ్మా. నాలుక మీద పూతుంది."

కడిగించుకుని రమ్మన్నాం కదా అంది బలుసమ్మ. కడిగించుకున్నాను, మళ్ళీ పడింది అంది ఇది. ఎలా పడిందని ఆవిడ అడగలేదు, ఇది చెప్పలేదు. నావైపు కన్నెత్తి కూడా చూడలేదు.

నా వంతు వచ్చింది. నా నోరు నా చేతిలో లేదు, పులుపు అని అరిచినట్టే అన్నాను. బలుసమ్మ మొహంలో ఏమీ మారలేదు. లేచి లోపలికి వెళ్ళి, చిక్కటి చింతపండు రసం తెచ్చి దాకలో పోసి, దాన్ని మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. తెర్లిందాకా గరిటె పట్టుకుని అక్కడే నిలబడింది. వడ్డించాక మొదటి ముద్దకే నా దవడలు రెండూ లోపలికి లాక్కుపోయాయి, భుజాలు వాటంతటవే పైకి లేచాయి. ఐదో ఏట పోయింది మళ్ళీ ఇప్పుడొచ్చింది. ఇక ఈవిడ మా మనిషి అని బలుసమ్మ నా విస్తట్లో పెద్ద ముక్క వేసింది. మందాకిని ముందున్న విస్తరి తీసేసింది. కోపంగా కాదు, పడవ వేళయిందని గుర్తు చేస్తూ తీసింది. నాతో మాత్రం తినమ్మా, చల్లారిపోద్దంది.

నేను ఎంగిలిచెయ్యితోనే రేవు దాకా వెళ్ళాను. పడవతను తాడు విప్పుతున్నాడు. మందాకిని సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, నీలంచీర కుచ్చెళ్ళు తడవకుండా పైకి దోపుకుంది. మందా, చుక్క నేనే వేశాను అన్నాను. వారం రోజులుగా దాచిన మాట ఇంత తేలిగ్గా వస్తుందనుకోలేదు.

"తెలుసక్కా. మజ్జిగ కుంకుడురసంలా ఉంది ఆరోజు."

పూత లేని నాలుకకి చుక్క రుచి తెలుస్తుందన్న ఆలోచన నాకు ఆ క్షణం దాకా రాలేదు. తెలిసీ ఎందుకు తాగావని అడిగాను. ఉమ్మేయొచ్చు కదా, నా మొహాన కొట్టొచ్చు కదా అన్నాను.

"చిన్నప్పుడు నా గిన్నె ఎదురుగా కూర్చునేదానివి చూడు. నువ్వట్టా చూస్తుంటే నాకు గొంతు దిగేది కాదక్కా. ఎన్నిసార్లు పిల్లికి పెట్టానో అమ్మకి తెలీదు. మొన్న మజ్జిగ ఇస్తూ మళ్ళీ అట్టానే ఉన్నావు. కొల్లేరు దాకా పోయి కూడా నీ ఎదురుగా అట్టానే తినాలా అనుకున్నాను. నువ్వు తిను. నేను పక్కన కూర్చుంటే నీకూ దిగదు, అందుకే ఆమెకి ఉన్నమాట చెప్పేశా."

నేను కూడా వచ్చేస్తానన్నాను. అన్నానే గానీ కాలు పడవలో పెట్టలేదు. అది చూసి నవ్వింది. ఎగతాళి నవ్వు కాదు, అదైనా బాగుండేది. దోమతెర సరిగ్గా కట్టుకో అని చెప్పింది. పడవ తామరాకుల్లోకి మళ్ళింది.

గుడిసెకి తిరిగి వచ్చాను. విస్తరి అలాగే ఉంది, బలుసమ్మ ఈగలు వాలకుండా ఇంకో ఆకు కప్పి ఉంచింది. కూర్చున్నాను. ఆ పిల్లకి గొంతు దిగేది కాదట. నాకూ దిగదనుకుంది.

నాకు దిగింది. మారు అన్నం పెట్టించుకున్నాను, పులుసు పోయించుకున్నాను, ముల్లు ఏరుకుంటూ తోకముక్క దాకా తిన్నాను, ఎక్కడా ఆగలేదు. చాలా బాగుంది. నేను ఊహించుకున్నదానికంటే బాగుంది. ఇన్నేళ్ళూ దాని గిన్నెని చూసి ఏడ్చాను. ఇవాళ చెయ్యి కడుక్కుంటూ దాని గొంతుని చూసి ఏడుస్తున్నాను, అలాంటిది నాకు ఎందుకు లేదని.